ఊరి చివరి ఇంటికి బట్వాడా

శ్రోతలకు నమస్కారం. తపాలా సేవల సరళీకరణను, అంటే ఆ రంగాన్ని ప్రైవేటు సంస్థల పోటీకి తెరవడాన్ని, కార్మిక సంఘాలు వ్యతిరేకిస్తున్నాయంటే, ఉద్యోగాలు పోతాయన్న భయమే కారణమని చాలామంది అనుకుంటారు. ఆ భయం ఉన్నది, అది న్యాయమైనదే. అయితే సంఘాల వాదనలో అంతకన్నా పెద్ద విషయం ఒకటి ఉన్నది. అది ఉత్తరం పంపేవారిదీ, అందుకునేవారిదీ.

దూరంతో నిమిత్తం లేకుండా బరువును బట్టి ఒకే రేటు అనే పద్ధతి మన దేశంలో 1854లో మొదలైంది. ఈనాటికీ 20 గ్రాములు మించని కవరుకు 5 రూపాయల బిళ్ల అంటిస్తే, అది చెన్నై షావుకారుపేట నుంచి పక్క వీధికైనా వెళుతుంది, నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండ కింది పల్లెకైనా వెళుతుంది. పక్క వీధి ఉత్తరం మీద మిగిలిన పైకం కొండ కింది పల్లె బట్వాడాకు ఆసరా అవుతుంది. సరళీకరణ దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే.

బ్రిటన్‌లో ఏం జరిగిందో చూడండి. 2006 జనవరి 1 నుంచి అక్కడ ఉత్తరాల వ్యాపారంలోకి ఎవరైనా రావచ్చునన్నారు. వచ్చిన ప్రైవేటు సంస్థలు పెద్ద కంపెనీల ఉత్తరాల కట్టలను సేకరించి, ఊళ్లవారీగా వేరుచేసి, ఇంటింటికీ పంచే పనిని మాత్రం అప్పటి ప్రభుత్వ తపాలా సంస్థ రాయల్ మెయిల్ పోస్ట్‌మ్యాన్‌కే అప్పగించాయి. యంత్రం చేసే పని వారిది, వానలో నడిచే పని ఇతనిది. 2012లో టీఎన్‌టీ పోస్ట్ అనే సంస్థ తానే బట్వాడాకు దిగింది. దిగింది ఎక్కడ? లండన్‌లో, తర్వాత మాంచెస్టర్, లివర్‌పూల్ నగరాల్లో, అంటే ఇళ్లు ఒకదానినొకటి ఆనుకుని ఉండే చోట. స్కాట్లండ్ దీవుల జోలికి పోలేదు. లాభం వచ్చే వీధులు వారికి, ఖర్చు పెరిగే దారులు మనకు అని అక్కడి తపాలా ఉద్యోగుల సంఘం కమ్యూనికేషన్ వర్కర్స్ యూనియన్ గట్టిగా చెబుతూనే వచ్చింది. ఆ సంఘం వద్దంటున్నా, 2013లో ప్రభుత్వం రాయల్ మెయిల్ వాటాలను మార్కెట్‌లో అమ్మింది. 2015లో పెట్టుబడి పెట్టవలసినవారు వెనక్కి తగ్గడంతో, అప్పటికే విస్ల్‌గా పేరు మార్చుకున్న ఆ ప్రైవేటు సంస్థ బట్వాడాను ఆపివేసింది. దాదాపు 2,000 మంది ఉపాధికి ముప్పు వచ్చింది. మళ్లీ ఆ వీధుల్లో ఉత్తరాలు పంచినది ఎవరు? రాయల్ మెయిల్ పోస్ట్‌మ్యానే. ఎందుకంటే, దేశంలోని ప్రతి చిరునామాకూ ఒకే రేటుకు, వారానికి ఆరు రోజులు ఉత్తరం చేర్చాలని చట్టం రాయల్ మెయిల్‌ను కట్టడి చేసింది. పోటీదారును అలా కట్టడి చేయలేదు. నా మట్టుకు నాకు, సంఘం పోరాటంలోని న్యాయమంతా ఈ ఒక్క తేడాలోనే కనబడుతుంది.

ఇక మన సంగతి. ఉత్తరాలు చేరవేసే ప్రత్యేక హక్కును 1898 నాటి చట్టం తపాలా శాఖకు ఇచ్చింది. 2024 జూన్ 18న అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో ఆ హక్కు లేదు. కొరియర్లు ఎన్నో ఏళ్లుగా ఉన్నవే కదా అనవచ్చు. చెన్నైలో పారిస్ కార్నర్ దగ్గర ఒక కొరియర్ దుకాణంలో నేను ఒక పల్లె పిన్‌కోడ్ చెప్పగానే, "ఆ ఊరికి సర్వీసు లేదండీ, మండల కేంద్రానికి వచ్చి తీసుకోమనండి" అన్నారు. అదే కవరును రాజాజీ సాలై మీది పెద్ద పోస్టాఫీసు జీపీఓలో ఇస్తే ఆ ప్రశ్నే రాలేదు. ఆ పల్లెలో సంచీ విప్పి, తేదీ ముద్ర వేసి, గడప గడపకూ తిరిగేది గ్రామీణ డాక్ సేవకుడు. శాఖ లెక్కలో అతనిది రోజుకు నాలుగైదు గంటల పని మాత్రమే, అతనికి వచ్చేది పూర్తి జీతం కూడా కాదు. దేశంలోని 1,64,000కు పైగా తపాలా కార్యాలయాల్లో పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి.

తపాలా సంఘాలవారికి నా మనవి ఒక్కటే. మీ కరపత్రంలో జీతభత్యాల కోరికకు ముందు, ప్రతి పల్లెకూ వారానికి ఇన్ని రోజులు, దూరంతో పని లేకుండా ఒకే రేటుకు బట్వాడా చేయాలన్న మాటను చట్టంలోనే రాయమన్న కోరికను పెట్టండి. ఏ సేవలు అందించాలో నిర్ణయించే అధికారాన్ని కొత్త చట్టం ప్రభుత్వం చేసే నిబంధనలకు వదిలిపెట్టింది. నిబంధనను మార్చడం తేలిక, చట్టాన్ని మార్చాలంటే పార్లమెంటుకు వెళ్లవలసిందే. శ్రోతలారా, పోస్టాఫీసు ముందు ఎవరైనా సంతకాల కాగితం అందిస్తే, ఈ కోరిక అందులో ఉన్నదేమో చూడండి. లేకపోతే చేర్చమని అడిగి, ఆ తర్వాత సంతకం చేయండి.