పిరమిడ్ నడుమ నిప్పు లేదు, గోధుమ ముద్ద ఉంది

నమస్తే. కల్వకుర్తి నుంచి హైదరాబాద్ పోయే దారిలో కడ్తాల్ దగ్గర పెద్ద పిరమిడ్ ఉంది కదా. బస్సు ఆ ఊరు దాటేలోపు ఎవరో ఒకరు మొదలుపెడతారు: "పైర్ అంటే నిప్పు, అమిడ్ అంటే నడుమ. నడుమ నిప్పున్నదే పిరమిడ్!" మొన్న మా బావ కూడా ఇదే పాఠం చెప్పాడు. బావా, ఈ వీడియో నీ కోసమే.

నిప్పుకు గ్రీకు మాట అలాంటిదే, ఒప్పుకుంటా. కానీ అమిడ్ ఇంగ్లిష్ మాట. గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే ఈజిప్టు పిరమిడ్ల గురించి గ్రీకులో రాశాడు. అప్పటికి ఇంగ్లిష్ ఎక్కడిది?

గ్రీకువాళ్లు అన్నది 'పిరమిస్'. 'పిరమిస్ యొక్క' అనాలంటే 'పిరమిదోస్'. ఆ 'ద' విభక్తి చేరినప్పుడు బయటపడేది. మనకు నోరు 'నోట్లో' అయినట్టే. రేపెవరో వచ్చి "నోట్లో అంటే నోటు, అంటే డబ్బు. డబ్బే మాట్లాడుతుంది కాబట్టి నోరు" అంటే నవ్వమా? అమిడ్ కథ అచ్చం ఇదే.

మరి పిరమిస్ అంటే ఏంటి? పండితుల్లో ఎక్కువమంది చెప్పేది, గోధుమ పలహారం అని. పిరోస్ అంటే గోధుమ. వేయించిన గోధుమల్లో తేనె కలిపి చేసేవాళ్లు. ఇది చదవగానే నాకు మలీద గుర్తొచ్చింది. సద్దుల బతుకమ్మ నాడు అమ్మ చపాతీలు వేడి మీదే తుంచి, బెల్లం, నెయ్యి వేసి పిసుకుతుంది. పిడికిలి బిగిస్తే అరచేతి వైపు చదునుగా, వేళ్ల వైపు కొసదేరి ముద్ద వస్తుంది. ఈజిప్టు రాజు ఖుఫూ 146 మీటర్ల సమాధిని చూసిన గ్రీకువాడు "అబ్బో, ఎంత మలీద ముద్ద!" అన్నాడనుకోండి. వాళ్లకది అలవాటే. నిలువెత్తు రాతి స్తంభాన్ని ఒబెలిస్కోస్ అన్నారు, అంటే చిన్న చువ్వ. పాపం, ఆకలి మీద పోయి ఉంటారు. వాళ్లకంటే ముందు మన పాలమూరు మనిషి పోయి ఉంటే, పదో తరగతి పరీక్షలో "మలీద ఘనపరిమాణం కనుక్కోండి" అని వచ్చేది!

కట్టిన ఈజిప్టువాళ్లు ఏమన్నారో కూడా చెప్పాలి. 'మెర్' అన్నారు. వాళ్ల రాతలో అచ్చులుండవు, మ, ర మాత్రమే కనిపిస్తాయి. మధ్యలో 'ఎ' మనం పెట్టుకున్నదే. ఊరివాళ్లకు పాలమూరు, కాగితం మీద మహబూబ్‌నగర్. అట్లనే వాళ్లకు మెర్, లోకానికి పిరమిడ్.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా. గొలుసుకట్టు స్కీముకు పిరమిడ్ పేరు వచ్చింది ఆకారం వల్లే. పైన ఒక్కడు, కింద అందరూ. మలీదలో నెయ్యి కిందికి దిగుతుంది, ఇందులో పైసలన్నీ పైకే ఎక్కుతాయి. మన దేశంలో 1978 చట్టం ఇలాంటివాటిని నిషేధించింది, అయినా చేరేవాళ్లు చేరుతూనే ఉన్నారు. ఆహార పిరమిడ్ అంటారా? 1992లో అమెరికా వ్యవసాయ శాఖ తెచ్చినదాంట్లో అడుగున ఉన్నవి అన్నం, రొట్టెలే. తిరిగి తిరిగి గోధుమ దగ్గరికే వచ్చాం.

బావా, పండక్కి ఇంటికి రా. మలీద నోట్లో ఉన్నంతసేపైనా ఆ నిప్పు కథ ఆపుతావు.