స్టేషన్ ఉంది, సిబ్బంది ఏరీ? – చిన్న పట్టణాల పోలీసింగ్‌పై చర్చ

(స్టూడియోలో ఒక మాజీ మున్సిపల్ చైర్‌పర్సన్, ఒక రిటైర్డ్ డీఎస్పీ, ఒక హైకోర్టు న్యాయవాది పాల్గొన్నారు. చర్చ మధ్యలో ఒక కానిస్టేబుల్ భార్య ఫోన్‌లో మాట్లాడారు.)

యాంకర్: నమస్కారం. అర్ధరాత్రి దాటాక మన మున్సిపాలిటీలో ఎవరింట్లోనైనా దొంగలు పడితే జనం ముందు 112కి ఫోన్ చేస్తారు, వెంటనే వార్డు కౌన్సిలర్‌కి చేస్తారు. వచ్చేది ఒక్క జీపు, అందులో ఒకరో ఇద్దరో ఉంటారు. స్టేషన్‌కి మంజూరైన మిగతావాళ్లంతా ఆ టైమ్‌కి ఎక్కడున్నట్టు? మేడమ్, మీతోనే మొదలుపెడదాం. చైర్‌పర్సన్‌గా ఉన్నప్పుడు ఈ ప్రశ్న మీకెన్నిసార్లు ఎదురైంది?

మాజీ చైర్‌పర్సన్: రోజూనండీ. కుళాయి రాకపోయినా మా ఇంటికే వస్తారు, బండి పోయినా మా ఇంటికే వస్తారు. కుళాయి సంగతైతే ఏఈని పిలిచి నిలదీస్తాను. బండి సంగతి ఎవరినడగాలి? సీఐ గారికి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడతారు. "మనుషుల్లేరు మేడమ్, సగం మంది బందోబస్తుకెళ్లారు" అంటారు. ఆయన చెప్పేది నిజమే. ఆ నిజాన్ని తీసుకెళ్లి ఓట్లేసిన వాళ్లకి ఎలా చెప్పాలో మాత్రం నాకు అర్థమయ్యేది కాదు.

యాంకర్: లాయరు గారూ, మున్సిపాలిటీకి పోలీసుల మీద నిజంగానే ఏ అధికారమూ లేదా?

న్యాయవాది: లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో పోలీసు శాఖ రాష్ట్ర జాబితాలో ఉంది. 74వ సవరణ వచ్చినప్పుడు మున్సిపాలిటీలకు ఇవ్వాల్సిన పనులంటూ పన్నెండో షెడ్యూల్లో 18 అంశాలు రాశారు. వీధి దీపాలు, పార్కింగ్, శ్మశానాలు, కబేళాలు అన్నీ ఉన్నాయి. ఫైర్ సర్వీసు కూడా ఉంది. పోలీసు లేదు. దీని వెనక పాత చరిత్ర ఉంది. 19వ శతాబ్దంలో పట్టణ పోలీసుల ఖర్చు మున్సిపాలిటీలే భరించేవి. ఊరి పన్నులు దానికే సరిపోతున్నాయని, ఆ భారం తీసేసి బడులకి, ఆసుపత్రులకి ఖర్చుపెట్టనివ్వాలని అప్పటి వైస్రాయ్ లార్డ్ రిపన్ 1882లో తెచ్చిన తీర్మానం సూచించింది. అప్పటికి అది మంచి నిర్ణయమే. ఖర్చు పోయింది, దాంతోపాటు పోలీసుల విషయంలో మున్సిపాలిటీకి మాట కూడా పోయింది.

రిటైర్డ్ డీఎస్పీ: మాట పోవడమే మంచిదయిందని నేనంటాను. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ మిగతావాళ్లు ఎక్కడున్నారో చెప్పనివ్వండి. పొద్దున రోల్ కాల్ దగ్గర నిలబడి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. రైటర్ ఒకరు కదలడానికి లేదు, ఎఫ్ఐఆర్లు, జీడీ అంటే స్టేషన్ రోజువారీ డైరీ, ఆయన చేతిలోనే. సెంట్రీ ఒకరు. కోర్టు కానిస్టేబుల్ పొద్దున్నే ఫైళ్లు పట్టుకుని కోర్టుకెళ్తాడు, సాయంత్రం దాకా రాడు. సమన్లు, వారెంట్లు తిప్పేవాడు పక్క జిల్లాలో ఉంటాడు. మహిళా హెల్ప్ డెస్క్, కంప్యూటర్, డ్రైవర్. వీళ్లు కాక పేరు మన స్టేషన్ రిజిస్టర్లో, మనిషి ఇంకో ఆఫీసులో. అటాచ్‌మెంట్ అంటాం. లీవులో ఒకరు, ట్రైనింగ్‌కి ఒకరు. ఇంతలో హైవే మీద యాక్సిడెంట్ అయి ఒకరు చనిపోయారనుకోండి. శవాన్ని ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, పంచనామా, పోస్టుమార్టం పూర్తయ్యి బంధువులకి అప్పగించేదాకా ఒక కానిస్టేబుల్ మార్చురీ దగ్గరే కాపలా ఉండాలి. డాక్టరు గారు లేరంటే మర్నాటిదాకా అక్కడే. రాత్రి బీట్‌కి, అంటే గస్తీకి, మిగిలేది ఎవరో మీరే లెక్కేసుకోండి.

యాంకర్: అంటే ఖాళీలు భర్తీ చేసినంత మాత్రాన సమస్య తీరదంటారా?

రిటైర్డ్ డీఎస్పీ: భర్తీ చెయ్యాలి, అందులో రెండో మాట లేదు. దేశం మొత్తం మీద లక్ష జనాభాకి మంజూరైన పోలీసులు దాదాపు 196 మంది అయితే, ఉన్నది 153 మంది. ఇది 2022 నాటి లెక్క. కానీ ఆ మంజూరు సంఖ్యే చాలా ఊళ్లలో పాతది. ఊరు నేషనల్ హైవేదాకా పెరిగింది, చుట్టూ లేఅవుట్లు వచ్చాయి, ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. స్టేషన్ మంజూరు మాత్రం ఊరు చిన్నగా ఉన్నప్పటిది. దాని మీద పని పెరుగుతూనే ఉంది. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలొచ్చాయి. సోదా చేస్తే వీడియో తియ్యాలి, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలి. మంచి నిబంధనలే. దర్యాప్తు గట్టిపడుతుంది. కానీ ఆ వీడియో తియ్యడానికి ఒక మనిషి కావాలి కదా.

న్యాయవాది: భర్తీ ఎలా జరుగుతుందో కూడా జనానికి తెలియాలి. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ పెట్టారు. ఆ తర్వాత ఎమ్మెల్సీ ఎన్నికల కోడ్, దాని తర్వాత కోర్టు కేసులు. దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబరు 30 వచ్చింది. తుది రాతపరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆగస్టు 1న. దాని మీద తొమ్మిది నెలల శిక్షణ. ఇంకో మాట, ఆ 6,100లో సివిల్ పోస్టులు 3,580 మాత్రమే. మిగతా 2,520 ఏపీఎస్పీ, అంటే రాష్ట్ర స్పెషల్ పోలీసు బెటాలియన్లవి. మీ ఊరి బీట్‌కి వాళ్లు రారు.

మాజీ చైర్‌పర్సన్: మా వార్డులోనే ఒకబ్బాయి ప్రిలిమ్స్ పాసయ్యాడు. పొద్దున నాలుగింటికే జూనియర్ కాలేజీ గ్రౌండ్‌లో పరుగు ప్రాక్టీస్ చేసేవాడు. ఈవెంట్స్, అదే దేహదారుఢ్య పరీక్షలు, ఇవాళ రేపు అంటూ వాయిదా పడుతుంటే వాళ్ల నాన్న షాపులో కూర్చోమన్నాడు. నేనే వెళ్లి నచ్చజెప్పాను, ఇంకొన్నాళ్లు ఓపిక పట్టమని. ఎంతకాలం పట్టమని చెప్పాలో నాకూ తెలీదు. స్టేషన్‌లో మనుషులు లేక మేము, ఉద్యోగం రాక వాళ్లు.

యాంకర్: ఈలోగా ఖాళీని నింపుతున్నది హోంగార్డులేనా?

రిటైర్డ్ డీఎస్పీ: చాలా చోట్ల వాళ్లే. ట్రాఫిక్ వాళ్లే, డ్రైవింగ్ వాళ్లే, కంప్యూటర్ దగ్గర వాళ్లే. తెలంగాణలో రోజుకి 921 రూపాయలున్న డ్యూటీ అలవెన్సుని వెయ్యి చేశారు. ఆంధ్రలో 2019లో 710 చేశారు. ఎండలో సెంటర్లో నిలబడే మనిషికి అది ఏ మూలకి? వాళ్లని నేను దగ్గరుండి చూశాను. రెగ్యులర్ వాళ్లతో సమానంగా కష్టపడతారు. డ్యూటీ చేస్తేనే డబ్బు, లేకపోతే లేదు. ఇది అన్యాయమని సర్వీసులో ఉన్నప్పుడూ చెప్పాను.

యాంకర్: ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా పోలీసులు ఉన్నారు కదా, అక్కడైనా స్థానిక సంస్థకీ పోలీసుకీ ముడి పడిందా?

న్యాయవాది: పడీ పడనట్టు పడింది. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శులుగా వచ్చారు. 2021 జూన్‌లో జీవో 59తో మహిళా పోలీసులన్నారు. పోలీసు నియామక బోర్డు ద్వారా రాకుండా, పూర్తి శిక్షణ లేకుండా పోలీసు ఎలా అవుతారని హైకోర్టులో సవాలు చేశారు. పని మాత్రం ఆగలేదు. సర్వేలు చేశారు, బడుల్లో అవగాహన సదస్సులు పెట్టారు, సమాచారం ఇచ్చారు. ఆ అమ్మాయిలు తాము ఏ శాఖ ఉద్యోగులో తేల్చుకోలేక నలిగిపోయారు.

యాంకర్: ఫోన్‌లైన్లో ఒక కానిస్టేబుల్ గారి భార్య ఉన్నారు. పేరు, ఊరు చెప్పొద్దన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా ఆయనకి డ్యూటీ దిగే టైమంటూ ఉండదు. జాతరొస్తే జాతర, మంత్రి గారొస్తే మంత్రి గారు. పిల్లాడికి జ్వరం వస్తే నేనే తీసుకెళ్తాను, అది పర్లేదు. ఆయన ఒంట్లో బాగాలేకపోయినా సెలవు అడగడానికి మొహమాటపడతారు. "నేను రాకపోతే ఇంకొకడు డబుల్ డ్యూటీ చెయ్యాలి" అంటారు. వారానికో రోజు సెలవు ఇస్తామని అప్పట్లో చెప్పారు కదా సార్, అది ఏమైంది?

రిటైర్డ్ డీఎస్పీ: అమ్మా, మీరడిగింది న్యాయమైన ప్రశ్న. 2019 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో వీక్లీ ఆఫ్ మొదలుపెట్టారు. కానీ ఒకరికి సెలవిస్తే ఆ చోట నిలబెట్టడానికి ఇంకొకరు ఉండాలి. మనుషుల్ని పెంచకుండా ఉత్తర్వు ఇస్తే స్టేషన్ ఆఫీసరే ఇరుకున పడతాడు. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వాళ్లు కేంద్రం కోసం 2014లో ఒక అధ్యయనం చేశారు. దేశవ్యాప్తంగా స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకి ఎనిమిది గంటలకన్నా ఎక్కువ పనిచేస్తున్నారని, 70 శాతానికి పైగా మందికి నెలకో వీక్లీ ఆఫ్ కూడా దొరకడం లేదని తేలింది. మీ ఆయనకి చెప్పండమ్మా, ఒంట్లో బాగాలేనప్పుడు సెలవు అడగడం తప్పు కాదు. బీపీ, షుగర్ పరీక్షలు చేయించండి. నా బ్యాచ్‌వాళ్లలో కొందరిని తొందరగా పోగొట్టుకున్నాం.

యాంకర్: థాంక్యూ అమ్మా. సార్, మున్సిపాలిటీకి మాట లేకపోవడమే మంచిదన్నారు. ఎందుకని?

రిటైర్డ్ డీఎస్పీ: చైర్మన్ గారి బావమరిది మీద కేసు పెట్టాల్సి వస్తే ఏం చేస్తాం? ఇప్పటికే ఎమ్మెల్యే సిఫారసు లేఖ లేకుండా సీఐ పోస్టింగ్ కష్టమని జనమే అనుకుంటున్నారు. దాని మీద ఇంకో పెత్తనం పెడితే స్టేషన్ నడవదు.

మాజీ చైర్‌పర్సన్: పెత్తనం ఎవరడిగారు సార్? పోస్టింగులు నాకొద్దు, కేసులు నాకొద్దు. మీరు కెమెరాలు కావాలంటే మున్సిపాలిటీ, దాతలు కలిసి పెట్టించాం. బారికేడ్లు కావాలంటే ఇచ్చాం. ఆ కెమెరాల ముందు రాత్రి కూర్చుని చూసేవాళ్లు ఉన్నారా లేదా అని అడిగితే మాత్రం, అది మీకు సంబంధం లేదంటారా?

న్యాయవాది: పూర్తిగా ఊరి చేతికిచ్చినా తీరుతుందన్న భరోసా లేదు మేడమ్. అమెరికాలో చిన్న టౌన్ల పోలీసుల్ని సిటీ కౌన్సిలే నియమించుకుంటుంది, కౌన్సిలే జీతమిస్తుంది. మిన్నెసోటాలో గుడ్‌హ్యూ అని 1,300 జనాభా ఉన్న ఊరుంది. 2023 ఆగస్టులో చీఫ్‌తో సహా అక్కడి పోలీసులంతా రాజీనామా చేశారు. గంటకి 22 డాలర్ల జీతానికి కొత్తవాళ్లు ఎవరూ రావడం లేదని ఆ చీఫ్ అంతకుముందే కౌన్సిల్‌కి చెప్పాడు. చివరికి కౌంటీ షెరీఫ్ కార్యాలయం మీద, అంటే మన జిల్లా పోలీసుల్లాంటి వాళ్ల మీద ఆధారపడాల్సి వచ్చింది. అక్కడ అధికారం ఉంది, డబ్బు లేదు. మన మున్సిపాలిటీలకి రెండూ లేవు. మనకి దారి చూపించింది సుప్రీంకోర్టే. 2006 సెప్టెంబరు 22న పోలీసు సంస్కరణల మీద ఇచ్చిన ప్రకాశ్ సింగ్ కేసు తీర్పులో దర్యాప్తు సిబ్బందినీ శాంతిభద్రతల సిబ్బందినీ వేరు చెయ్యమంది. ముందు పది లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో మొదలుపెట్టి, క్రమంగా చిన్న పట్టణాలకి తీసుకురమ్మంది. ఆ "క్రమంగా" అన్న మాట దగ్గరే మన ఊళ్లు ఆగిపోయాయి. ఇప్పటికీ దొంగతనం కేసు దర్యాప్తు చేసే ఎస్సైనే మధ్యాహ్నం ఊరేగింపు బందోబస్తుకి పంపిస్తున్నాం.

రిటైర్డ్ డీఎస్పీ: అది నూటికి నూరుపాళ్లు నిజం. మేడారం జాతరకైనా, పుష్కరాలకైనా చిన్న స్టేషన్ల నుంచే మనుషుల్ని లాగుతారు. పెద్ద నగరంలో పదిమంది వెళ్తే తెలియదు. చిన్న స్టేషన్ నుంచి నలుగురు వెళ్తే ఆ ఊళ్లో రాత్రి గస్తీ ఉండదు.

యాంకర్: టైమ్ అయిపోతోంది. మేడమ్, రేపే అమలు చెయ్యగల ఒక్క పని చెప్పండి.

మాజీ చైర్‌పర్సన్: ప్రతి నెలా కౌన్సిల్ సమావేశానికి స్టేషన్ నుంచి ఒక్క కాగితం రావాలి. మంజూరైంది ఎంతమంది, ఉన్నది ఎంతమంది, అటాచ్‌మెంట్ మీద ఎంతమంది వెళ్లారు, రాత్రి బీట్‌కి సగటున ఎంతమంది మిగిలారు. పేర్లు వద్దు. దాని మీద కౌన్సిల్ తీర్మానం చేసి ఎస్పీకి, కలెక్టర్‌కి పంపుతుంది. అంతే నేనడిగేది.

యాంకర్: డీఎస్పీ గారూ, దీనికి మీ అభ్యంతరం?

రిటైర్డ్ డీఎస్పీ: బీట్ సంఖ్య బహిరంగ సమావేశంలో చదివితే ఆ సంగతి దొంగలకీ తెలుస్తుంది. ఆ ఒక్కటీ సీల్డ్ కవర్లో చైర్‌పర్సన్‌కి ఇవ్వొచ్చు. మిగతా మూడు లెక్కలూ చదవండి. అటాచ్‌మెంట్ల లెక్కయితే తప్పకుండా చదవాలి. మా వాళ్లని వెనక్కి పంపమని సీఐ పైవాళ్లని అడగలేడు. తీర్మానం చేసి ఊరు అడగొచ్చు.

మాజీ చైర్‌పర్సన్: సీల్డ్ కవరైనా సరే సార్, నెలనెలా వస్తే చాలు.