పొద్దువాలే వేళ ఉప్పలపాడు చెరువు

శ్రోతలకు నమస్కారం.

పెద్దవాళ్లం ఇల్లు కదలాలంటే ఏదో ఒక పని ఉండాలి. పెళ్లి, పరామర్శ, మొక్కు, బ్యాంకు, ఆసుపత్రి. మహా అయితే పిల్లల కోసం పార్కు. ఊరికే ఏదైనా చూసొద్దామని బయల్దేరితే "ఏంటి విశేషం?" అని వీధిలోవాళ్లు అడుగుతారు. ఏమీ లేదని చెప్పడానికి మనకే మొహమాటం. ఊటీకైతే వారం సెలవు పెడతాం గానీ, ఊరి పక్క చెరువు దగ్గర ఓ గంట కూర్చోం. ఇవాళ అలాంటి ఒక చెరువు గురించే చెబుతాను.

గుంటూరు పక్కన, పెదకాకాని మండలంలో ఉప్పలపాడు అని ఒక పల్లె. ఊరి చెరువు మధ్యలో తుమ్మచెట్లు, అవి చాలక నిలబెట్టిన ఇనుప స్టాండ్లు. వాటి నిండా గూళ్లే. పెలికన్లు, అదే మన గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు. ఊరివాళ్లే వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు.

మిట్టమధ్యాహ్నం వెళ్లారనుకోండి, ఏముంటుంది? ఎండ, నీచు వాసన, రెక్కలు ముడుచుకుని కూర్చున్న పక్షులు. ఓ ఫోటో తీసుకుని వచ్చేస్తాం. సాయంత్రం వెళ్లాలి. మళ్లీ చెబుతున్నాను, సాయంత్రం.

మా బావగారిది గుంటూరే. మిర్చి యార్డులో వ్యాపారం. ఆ దారిన ఎన్నిసార్లు పోయారో ఆయనకే లెక్క లేదు, ఆగింది మాత్రం లేదు. "కొంగలేగా, ఏముంది చూడ్డానికి" అంటూనే ఓ శీతాకాలం సాయంత్రం నాతో వచ్చారు. గట్టు మీద నిలబడి ఫోన్లో సరుకు రేట్లు మాట్లాడుతున్నారు.

పొద్దు వాలుతోంది. పడమట నుంచి నల్లటి చుక్కలు కొన్ని కనిపించాయి. దగ్గరకొచ్చే కొద్దీ అవి గూడబాతులయ్యాయి. నాలుగైదు కిలోల పక్షి అది. రెక్కలు ఆడించకుండా, మెడ వెనక్కి మడుచుకుని, జారుతున్నట్టు వస్తుంది. స్టాండు దగ్గరకు రాగానే కాళ్లు ముందుకు చాపుతుంది. అది వాలగానే స్టాండంతా ఊగుతుంది, పక్క గూళ్లవాళ్లు విసుక్కుంటూ సర్దుకుంటారు. మన పల్లెవెలుగు బస్సులో ముగ్గురి సీట్లో నాలుగోవాడు కూర్చున్నట్టే.

ఇంకా వాలీ వాలకముందే పిల్ల ఎగబడుతుంది. తల్లి నోరు తెరిస్తే, ఆ పిల్ల తలా మెడా మొత్తం తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చేస్తుంది. బయట పిల్ల ఒళ్లు మాత్రమే కనిపిస్తూ గిలగిల కొట్టుకుంటుంది. బావగారు ఫోన్ చెవి దగ్గర నుంచి తీసేసి, "ఇదేంటయ్యా, పిల్ల తింటోందా, తల్లి పిల్లనే మింగుతోందా?" అన్నారు. అవతల ఎవరో హలో హలో అంటూనే ఉన్నారు.

ఇక ఆ గోల. రేడియోలో దాన్ని నోటితో చెప్పడం నా వల్ల కాదు. ఒక్క విషయం చెబుతాను. ఎర్రకాళ్ల కొంగల్లో పెద్దవి పెద్దగా అరవవు, ముక్కులు టకటకలాడిస్తాయి, అంతే. చెవులు గింగురుమనేలా అరిచేది పిల్లలే.

చీకటి పడ్డాక కూడా బావగారు కదల్లేదు. "ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయటగా?" అన్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. కొన్ని బాతులు నిజంగానే చలిదేశాల నుంచి వస్తాయి. కానీ ఈ గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ మన ఉపఖండంవే. మన చెరువుల మధ్యే తిరుగుతూ, ఇక్కడే పిల్లల్ని పెడతాయి. పుట్టింటికొచ్చిన వాటిని మనం విదేశీ అతిథులంటున్నాం!

నా అభిప్రాయం అడిగితే, చోటు ఏదైనా పరవాలేదు, వేళ మాత్రం తప్పకూడదు. కొల్లేరు వైపు వాళ్లకు కైకలూరు దగ్గర ఆటపాక ఉంది, శ్రీకాకుళం వాళ్లకు తేలినీలాపురం. పక్షులే కానక్కర్లేదు. హైదరాబాదు వాళ్లు గోల్కొండ చూసే ఉంటారు. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుందని గైడు చెబితే విని ఉంటారు. ఆదివారం ఆ జనంలో ఎవరి చప్పట్లు ఎవరికి తెలుస్తాయి? మామూలు రోజున, గేటు తీయగానే వెళ్లండి. ఒకరు కింద, ఒకరు పైన.

ఉప్పలపాడు వెళ్లేవాళ్లు నవంబరు నుంచి మార్చి లోపు వెళ్లండి. పొద్దు వాలడానికి గంట ముందే గట్టు మీద చోటు చూసుకోండి. డిసెంబరులో అయితే నాలుగున్నరకల్లా అక్కడుండాలి. చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపే సరదా మానుకోవాలి, గూళ్లలో పిల్లలుంటాయి. నెత్తిన టోపీ పెట్టుకోండి, చెట్టు కింద మాత్రం నిలబడకండి. ఎందుకో అక్కడి ఆకుల రంగు చూస్తే మీకే తెలుస్తుంది.

సెలవు. నమస్కారం.