పెళ్లి కాకపోతేనే స్కాలర్‌షిప్పా?

తమ్ముడు: ఎర్ర లైటు వెలిగింది. నమస్కారం. ఈ వారం విషయం ఆడపిల్లల స్కాలర్‌షిప్పులు. డబ్బుల్లేక చదువు ఆగిపోయే అమ్మాయిలకు ఏ సాయం పనిచేసింది, ఏది ఉత్త హడావుడి. ఐదు చోట్ల సంగతులు రాసుకొచ్చాను.

అక్క: ఐదూ అవ్వవు.

తమ్ముడు: మన శ్రోత గడియారం గారు వింటుంటారు, అలా అనకు.

అక్క: ఆయన సంగతి తర్వాత. మొదలుపెట్టు. సైకిల్ తప్ప.

తమ్ముడు: సైకిల్ చివర్లో ఉందిలే. ముందు బంగ్లాదేశ్. 1994లో పల్లెల్లో హైస్కూల్ అమ్మాయిలందరికీ స్టైపెండ్ మొదలుపెట్టారు. షరతులు మూడే. 75 శాతం హాజరు, 45 శాతం మార్కులు, పెళ్లి కాకూడదు.

అక్క: ఆగాగు. ఆ మూడోది ఏంటి?

తమ్ముడు: పెళ్లయితే డబ్బు ఆగిపోతుంది.

అక్క: ఆ వయసు పిల్ల తనంతట తాను వెళ్లి పెళ్లి చేసుకుంటుందా? చేసేది పెద్దవాళ్లు, డబ్బు పోయేది పిల్లకా? అత్తగారింటి నుంచి అయినా బడికొస్తానంటుంది చూడు, అసలు డబ్బు కావాల్సింది ఆ పిల్లకి.

తమ్ముడు: షరతు పిల్ల కోసం కాదక్కా, ఇంట్లోవాళ్ల కోసం. సంబంధం వచ్చిందనుకో. వాళ్లమ్మ "చదువుకోనివ్వండి" అంటే ఎవరు వింటారు? "ఇప్పుడు చేస్తే డబ్బు ఆగిపోతుంది" అంటే వింటారు. ఆవిడ నోటికి ఒక మాట దొరుకుతుంది. పశ్చిమ బెంగాల్ కన్యాశ్రీ పథకం కూడా అంతే, 2013లో పెట్టారు. పెళ్లి కాకుండా చదువుకుంటూ 18 నిండితే ఒకేసారి 25 వేలు.

అక్క: ఆ 25 వేలు కట్నంలో కలిపేస్తే?

తమ్ముడు: కలిపేస్తారేమో. కానీ అప్పటికి పిల్లకి 18 వచ్చేశాయిగా!

అక్క: సరే, అది ఒప్పుకుంటా. మరి ఆఫ్రికాలో మలావీ? అది రాసుకుని కూడా దాటేస్తున్నావు.

తమ్ముడు: దాటెయ్యడం లేదు. అక్కడి జోంబా జిల్లాలో 2008లో ఒక ప్రయోగం మొదలైంది. కొందరు అమ్మాయిలకు 80 శాతం హాజరుంటేనే డబ్బు, కొందరికి ఏ షరతూ లేదు. బడి మానేవాళ్లు రెండు చోట్లా తగ్గారు. షరతు లేనిచోట ఫలితం సగం కూడా లేదు. నా మాటే నెగ్గింది.

అక్క: అదిగో, సరిగ్గా అక్కడ ఆపుతావు. తర్వాతి వాక్యం కూడా చదువు. చిన్న వయసు పెళ్లిళ్లు, కాన్పులు ఎక్కడ తగ్గాయి? షరతు లేనిచోట. అదీ బడి మానేసిన పిల్లల్లో. బడి పోయినా చేతిలో డబ్బుంది కాబట్టి పెళ్లి చేసి పంపేద్దామన్న తొందర తగ్గిందని నేననుకుంటా.

తమ్ముడు: రెండేళ్లకి డబ్బు ఆగింది. తర్వాత వెళ్లి చూస్తే ఆ లాభం కాస్తా కరిగిపోయింది. అది కూడా చదువు!

అక్క: మందు ఆపేస్తే జ్వరం తిరగబెట్టింది, తప్పు మందుదా?

తమ్ముడు: అరవకు, మైకు పగులుతుంది.

అక్క: అరుస్తా. 75 శాతం, 80 శాతం అని రాసేవాళ్లు ఇంట్లో జరిగేది చూశారా? చిన్నోడికి ఒళ్లు కాలితే బడి మానేది ఎవరు? పెద్దపిల్ల. అమ్మ పనికెళ్లాలి కదా. రిజిస్టర్లో ఆ రోజు పిల్ల పేరు పక్కన గైర్హాజరు. కారణం రాయడానికి అందులో గడి ఉండదు. నీకు ఆటలమ్మ పోసినప్పుడు ఇంట్లో ఉన్నదెవర్రా?

తమ్ముడు: ...నువ్వే.

అక్క: అర్ధ సంవత్సరం లెక్కల పరీక్ష పోయింది.

తమ్ముడు: ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదేంటి?

అక్క: నువ్వడిగావా? వదిలెయ్. నీ సైకిల్ చెప్పుకో పో.

తమ్ముడు: జాలిపడి ఇస్తున్నావా ఛాన్సు?

అక్క: తొందరగా చెప్పు, మనసు మారుతుంది.

తమ్ముడు: బీహార్, 2006. తొమ్మిదిలో చేరిన అమ్మాయిలకు సైకిల్ కొనుక్కోమని డబ్బిచ్చారు. హైస్కూల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగారు. అదీ బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువ. ఫీజు కట్టినా దారి అలాగే ఉంటుంది కదక్కా.

అక్క: వాళ్లన్న తొక్కుకుపోతే?

తమ్ముడు: ఊరంతా చూస్తుంది, ఇది ఫలానా పిల్ల సైకిలని. ఖాతాలోంచి డబ్బు ఎవరు తీశారో ఎవరికి కనిపిస్తుంది? మెసేజ్ వచ్చేది నాన్న ఫోనుకి.

అక్క: ఈ మాట బాగుంది. మంచి మాటలు దాచే ఆకుపచ్చ ఫైల్లో పెట్టుకో.

తమ్ముడు: పెట్టా. ఇంకా ఘనా ఉంది, అదీ ఆఫ్రికాలోదే. హైస్కూల్లో సీటొచ్చి డబ్బుల్లేక చేరలేనివాళ్లలో 2008లో లాటరీ తీసి 682 మందికి స్కాలర్‌షిప్పులిచ్చారు, అబ్బాయిలు కూడా ఉన్నారు. ఏళ్ల తర్వాత చూస్తే స్కాలర్‌షిప్ వచ్చిన అమ్మాయిలు ఎక్కువ చదివారు, పిల్లల్ని ఆలస్యంగా కన్నారు, తక్కువ మందిని కన్నారు. అయిపోయింది, ఐదూ చెప్పేశా.

అక్క: లాటరీ తగలనివాళ్లు?

తమ్ముడు: వాళ్ల సంగతీ ఏళ్ల తరబడి ఫోన్లు చేసి కనుక్కుంటూనే ఉన్నారు. పోల్చి చూడాలిగా.

అక్క: డబ్బివ్వకుండా "ఎలా ఉన్నావమ్మా" అనా?

తమ్ముడు: అందరికీ ఇచ్చేంత డబ్బు లేదు. లాటరీ కంటే న్యాయమైన పద్ధతి చెప్పు చూద్దాం.

అక్క: పద్ధతి సంగతి కాదు నేనడిగేది. నువ్వయితే చేస్తావా ఆ ఫోను?

తమ్ముడు: నేనా... రికార్డర్లో కార్డు నిండిపోయిందంటోంది.

అక్క: నిండనీ. ముందు నేనడిగిందానికి—