రాజుకు అడ్డం నిలిచిన 80 మంది

సంఘ పెద్దలకు, అమ్మలకు, అన్నదమ్ములకు ప్రభువు నామంలో వందనాలు.

ఎన్నికలొస్తే మన చెన్నైలోని పెరంబూరు, వ్యాసర్పాడి వీధులు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. పట్టా కోసం పెట్టుకున్న అర్జీల జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో పట్టుకుని మన పెద్దమ్మలు ఎండలో నిలబడతారు. జీపు దిగిన నాయకుడు ఆ కవరు అందుకుని పక్కనున్న కుర్రాడి చేతికిస్తాడు. "అన్న చూసుకుంటాడులే" అని ఇంటికొచ్చేస్తాం. వచ్చే ఎన్నికలకు మళ్ళీ అవే కాగితాలు, ఇంకో అన్న.

"రాజులచేతనైనను నరులచేతనైనను రక్షణ కలుగదు వారిని నమ్ముకొనకుడి" అంటుంది 146వ కీర్తన. ఈ మాట పట్టుకుని, రాజకీయం మనకెందుకు, ఇంట్లో కూర్చుని ప్రార్థన చేసుకుంటే చాలని కొందరు బోధిస్తారు. నేను ఒప్పుకోను. ఎందుకో యూదా రాజు ఉజ్జియా సంగతి చూస్తే తెలుస్తుంది.

బైబిల్లో రెండవ దినవృత్తాంతములు 26వ అధ్యాయం తీయండి. 16 ఏళ్ళకే రాజయ్యాడు, 52 ఏళ్ళు ఏలాడు. చెడ్డవాడేం కాదు. యెరూషలేములో బురుజులు కట్టించాడు, అడవిలో పశువులకు నీళ్ళ తొట్లు తవ్వించాడు, వ్యవసాయమంటే ప్రాణం. అలాంటి రాజును జనం నెత్తిన పెట్టుకోకుండా ఉంటారా? బలం పెరిగింది, దాంతోపాటు గర్వమూ పెరిగింది. ధూపం వేయడం యాజకుల, అంటే ఆలయ సేవకుల పని అని తెలిసీ, ధూపార్తి చేతపట్టుకుని తానే ఆలయంలోకి వెళ్ళాడు.

అప్పుడు అజర్యా అనే యాజకుడు, ఆయన వెంట ధైర్యవంతులైన 80 మంది యాజకులు లోపలికి వెళ్ళి, "ఇది నీ పని కాదు, బయటికి వెళ్ళు" అని రాజు ముఖం మీదే చెప్పారు. రాజు మండిపడ్డాడు. వాళ్ళ కళ్ళముందే అతని నొసట కుష్ఠు పుట్టింది. చచ్చేదాకా వేరే ఇంట్లో ఉండిపోయాడు.

ఈ కథ చెప్పేటప్పుడు అందరం కుష్ఠు దగ్గరే ఆగిపోతాం. నా మనసు మాత్రం ఆ 80 మంది మీదే ఉంటుంది. అంత పెద్ద రాజుకు ఎదురు నిలబడే గుండె వాళ్ళకెక్కడిది? తమను బతికించేది ఆ రాజు కాదని వాళ్ళకు తెలుసు. దేవుణ్ణి నమ్ముకున్నవాడే నాయకుణ్ణి నిలదీయగలడు. నాయకుణ్ణే దేవుడనుకున్నవాడికి నోరు పెగలదు. ఆ నాయకుడు పడిపోయిన రోజున వీడి విశ్వాసమూ కుప్పకూలుతుంది. యెషయా ప్రవక్తకు అలా జరగలేదు. ఉజ్జియా చనిపోయిన సంవత్సరమే అతడు సింహాసనం మీద ప్రభువును చూశాడు.

ఇది కౌన్సిలర్లకూ మంత్రులకూ మాత్రమే చెప్పే మాట కాదు. మన సంఘాల్లో పాస్టరు అయ్యగారి ఫొటో లేని క్యాలెండర్ ఉందా? అయ్యగారు తప్పు చేస్తే "అభిషిక్తుణ్ణి, దేవుడు ఏర్పరచుకున్నవాణ్ణి ఏమీ అనకూడదు" అని నోళ్ళు మూయిస్తున్నాం. అందువల్ల గాయపడి సంఘం వదిలిపోయిన పిల్లలు మన ఇళ్ళలోనే ఉన్నారు. నాకు బాధంతా వాళ్ళ గురించే.

ఈ కూటం అయ్యాక కమిటీ పెద్దలు ఈ ఏటి కానుకల లెక్కలు చదువుతారు. దయచేసి ఎవరూ లేచి వెళ్ళిపోకండి. అర్థం కాని పద్దు ఉంటే అడగండి, నన్నైనా సరే.