మూత తీశాక సీబీడీ నూనెకు ఎంత ఆయువు?

శ్రోతలకు నమస్కారం.

సీబీడీ నూనె సీసా చేతిలోకి తీసుకుంటే లేబుల్ మీద ఒక తేదీ కనిపిస్తుంది. ఫలానా నెల, ఫలానా సంవత్సరం లోపు వాడాలి అని. చాలా సీసాల మీద అది తయారైన నాటి నుంచి ఏడాది, రెండేళ్ల దూరంలో ఉంటుంది. ఆ తేదీ సీలు తీయని సీసాది. చల్లని చోట, చీకట్లో, మూత బిగించి కదలకుండా ఉన్న సీసాది. మూత తీసిన సీసాకు ఆ తేదీ వర్తించదు. ఈ మాట మళ్లీ చెబుతాను: మూత తీసిన సీసాకు ఆ తేదీ వర్తించదు. అక్కడి నుంచి ఇంకో లెక్క మొదలవుతుంది. ఆ లెక్క లేబుల్ మీద ఉండదు, మనమే రాసుకోవాలి.

గంజాయి జాతి మొక్క నుంచి తీసే కన్నాబిడియాల్‌నే క్లుప్తంగా సీబీడీ అంటున్నాం. మత్తు కలిగించే టీహెచ్‌సీ వేరు, ఇది వేరు. దీని మీద ఒక్కో దేశంలో ఒక్కో చట్టం ఉంది. రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్ మీద, కొన్ని మూర్ఛ మందుల మీద ఇది ప్రభావం చూపుతుంది కాబట్టి వాడే ముందు వైద్యుడికి చెప్పి తీరాలి. ఈ రెండు సంగతులూ గుర్తుచేసి, నేరుగా నిల్వ విషయానికి వస్తాను.

శుద్ధమైన సీబీడీ అసలు నూనె కాదు. తెల్లని పొడిలాంటి స్ఫటికం. సుమారు 66 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, మామూలు గదిలో గట్టిగానే ఉంటుంది. నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో బాగా కరుగుతుంది. అందుకే దాన్ని ఏదో ఒక నూనెలో కలిపి అమ్ముతారు. అంటే ఆ చిన్న సీసాలో రెండు వస్తువులున్నాయి. ఒకటి సీబీడీ, రెండోది దాన్ని మోస్తున్న నూనె. రెండూ చెడతాయి, కానీ ఒకే వేగంతో చెడవు. ఒకటి చెడితే రెండోది మనకు చెప్పదు కూడా.

ముందు నూనె సంగతి. కొబ్బరి లేదా పామ్ గింజల నుంచి వేరుచేసే ఎంసీటీ నూనెలో ఉన్నవి సంతృప్త కొవ్వులు. గాలిలోని ఆక్సిజన్ పట్టుకోవడానికి వాటిలో బలహీనమైన చోటు దాదాపు లేదు. అందుకే అది చాలాకాలం నిలుస్తుంది. ఆలివ్ నూనె దాని తర్వాతి స్థానం. హెంప్, అంటే మత్తు దాదాపు లేని గంజాయి రకం, దాని గింజల నూనె మాత్రం సున్నితమైనది. అందులో ఎక్కువ భాగం లినోలియిక్, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాలు. ఆక్సిజన్ వీటిని మిగతా వాటికన్నా ఎన్నో రెట్లు వేగంగా పట్టుకుంటుంది. ముందు పెరాక్సైడ్లు పుడతాయి, అవి విడిపోయి ఆల్డిహైడ్లవుతాయి. మక్కిన వాసన, నాలుక మీద చేదు ఆ ఆల్డిహైడ్ల వల్లే వస్తాయి. కాబట్టి కొనేటప్పుడు సీబీడీ ఎన్ని మిల్లీగ్రాములో చూసినంత శ్రద్ధగా, ఏ నూనెలో కలిపారో కూడా చూడండి. ఆయువు సగం అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు ఒక సీసాను వెంటబెట్టుకుని నడుద్దాం. 30 మిల్లీలీటర్ల సీసా. అందులో 1500 మిల్లీగ్రాముల సీబీడీ ఉందనుకుందాం. అంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలని లెక్కవేస్తే చుక్కకు రెండున్నర మిల్లీగ్రాములు. ఒక మనిషి రోజుకు పావు మిల్లీలీటరు, అంటే ఐదు చుక్కలు వాడుతున్నాడు. ఈ సీసా అతనికి 120 రోజులు వస్తుంది. నాలుగు నెలలు.

మొదటి రోజు సీసా మెడ దాకా నిండుగా ఉంది. లోపల గాలి చాలా తక్కువ. రోజూ పావు మిల్లీలీటరు నూనె బయటికి వస్తుంటే, ఆ ఖాళీలోకి పావు మిల్లీలీటరు గాలి వెళుతుంది. నూనె తగ్గినంత గాలి పెరుగుతుంది. రెండు నెలలు గడిచేసరికి నూనె 15 మిల్లీలీటర్లు, గాలి 15 మిల్లీలీటర్లు. గాలిలో ఐదోవంతు ఆక్సిజన్ కాబట్టి అందులో ఆక్సిజన్ సుమారు 3 మిల్లీలీటర్లు. పోనీ, ఆ మూడుతో అయిపోయిందా? కాలేదు. రోజూ మూత తీస్తున్నాడు కదా, లోపల ఖర్చయిన ఆక్సిజన్ స్థానంలో కొత్తది చేరుతూనే ఉంది. మూడో నెల చివరికి నూనె ఏడున్నర మిల్లీలీటర్లే, గాలి ఇరవై రెండున్నర. కొద్దిపాటి నూనె మీద బోలెడంత గాలి. సీసా అడుగున మిగిలిన ఆ చివరి నూనె, మొదటి రోజు నాలుక మీద పడ్డ నూనెతో సమానం కాదు.

ఆ సీసాను అతను కిటికీ గట్టు మీద పెట్టాడనుకోండి. కళ్లెదురుగా ఉంటే వేసుకోవడం మరచిపోనని. ఉద్దేశం మంచిదే. కానీ మధ్యాహ్నపు ఎండ నేరుగా సీసా మీద పడుతుంది. గదిలో 25 డిగ్రీలున్నా ఎండ తగిలిన సీసా అంతకంటే చాలా వేడెక్కుతుంది. రసాయన చర్యల్లో ఒక మోటు లెక్క ఉంది: వేడి 10 డిగ్రీలు పెరిగితే చర్య వేగం దాదాపు రెట్టింపవుతుంది. 20 డిగ్రీల దగ్గర ఉండాల్సిన నూనె 40 డిగ్రీల దగ్గర ఉంటే నాలుగు రెట్లు. వేడికి తోడు వెలుతురు. వెలుతురు చేసే నష్టం వేడి చేసే నష్టం కన్నా పెద్దది. అదే సీసా గూట్లో, తలుపు వెనక ఉంటే ఈ రెండు బాధలూ లేవు. ఒక్క గాలితోనే పని.

వెలుతురు గురించి గట్టిగా చెప్పడానికి ఆధారం ఉంది. గంజాయి, దాని సారాలు నిల్వలో ఎలా మారతాయో పరీక్షించి 1976లో ఫెయిర్‌బెయిర్న్, ఆయన సహచరులు ఫలితాలు ప్రచురించారు. సీబీడీ, టీహెచ్‌సీ లాంటి గంజాయి పదార్థాలు, అంటే కన్నాబినాయిడ్లు, తగ్గిపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం వెలుతురేనని, ముఖ్యంగా ద్రావణాల్లో ఆ నష్టం ఎక్కువని తేల్చారు. జాగ్రత్తగా తయారుచేసి, చీకట్లో, గది ఉష్ణోగ్రతలోనే ఉంచితే ఏడాది నుంచి రెండేళ్లు ఫర్వాలేదన్నదీ వాళ్లు చూసిందే. చీకటి, గది ఉష్ణోగ్రత అన్నారు. ఫ్రిజ్ అనలేదు, గమనించండి.

అందుకే సీసా ముదురు గోధుమ రంగు గాజుదై ఉండాలి. మందుల షాపుల్లో చూసే ఆ ఆంబర్ గాజు అతినీలలోహిత కిరణాలను, నీలి వెలుతురును చాలావరకు ఆపుతుంది. నీలం రంగు సీసా చూడటానికి అందంగా ఉంటుంది గానీ నీలి వెలుతురును లోపలికి రానిస్తుంది. రంగులేని గాజు దేన్నీ సరిగా ఆపదు. ప్లాస్టిక్ ఇంకో రకం సమస్య. కొన్ని ప్లాస్టిక్‌లు సీబీడీని తమలోకి పీల్చుకుంటాయి, కొన్ని మెల్లగా గాలిని లోపలికి వదులుతాయి. ఆంబర్ గాజు దొరికినా సరే, గూట్లోనే పెట్టండి. గాజు రక్షణ పూర్తిది కాదు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. ఫ్రిజ్‌లో పెట్టాలా? లేబుల్ అలా చెబితే పెట్టండి. నీటితో చేసిన సీబీడీ ద్రావణాలకు, నూనెను నీటిలో సన్నని బిందువులుగా కలిపిన ఎమల్షన్లకు తయారీదారు అలా చెప్పవచ్చు, అది పాటించాలి. మామూలు నూనె సీసాకు మాత్రం 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఉండే చీకటి గూడు చాలునన్నది నా అభిప్రాయం. కారణాలు రెండు. ఒకటి, చల్లదనానికి ఆలివ్ నూనె మసకబారి చిక్కబడుతుంది. గాఢత ఎక్కువున్న నూనెలో సీబీడీ స్ఫటికాలుగా విడిపోయి అడుగున చేరవచ్చు. అప్పుడు పైనుంచి తీసే చుక్కల్లో మందు తక్కువ, అడుగు చుక్కల్లో ఎక్కువ. మొదటి వారం పనిచేయలేదని, చివరి వారం ఎక్కువైందని అనిపిస్తే ఆశ్చర్యం లేదు. రెండు, చల్లని సీసా మూత వెంటనే తీస్తే గాలిలోని తేమ లోపలి గోడల మీద నీటి చుక్కలై దిగుతుంది. నూనెలో సూక్ష్మజీవులు పెరగడం కష్టం, ఎందుకంటే అక్కడ నీరు లేదు. ఆ నీటిని మనమే తీసుకెళ్లి ఇస్తున్నట్టు.

గది వేడి నెలల తరబడి 30 డిగ్రీలు దాటుతుంటే, సీలు తీయని సీసాలను ఫ్రిజ్‌లో పెట్టడం మేలే. ఫ్రిజ్ తలుపులో కాదు, లోపలి అరలో. వాడుకకు తీసినప్పుడు మూత తీయకుండా గంటా రెండు గంటలు బయట ఉంచండి. స్ఫటికాలు కనిపిస్తే మూత బిగించిన సీసాను 40 డిగ్రీలకు మించని గోరువెచ్చని నీటిలో నిలబెట్టి, అవి పూర్తిగా కరిగేదాకా మధ్యమధ్యలో మెల్లగా తిప్పండి. నీరు మూత దాకా రాకూడదు. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి. ఒకచోట భగ్గున వేడెక్కి, మరోచోట చల్లగా ఉంటుంది. ఇక పెట్టకూడని చోట్లు: పొయ్యి పైనున్న అర, స్నానాలగది అలమారా, ఫ్రిజ్ నెత్తి, ఎండలో నిలిపిన కారు. కారులో వేడి 50 డిగ్రీలు సులువుగా దాటుతుంది.

డ్రాపర్ దగ్గర చాలామంది ఒక పొరపాటు చేస్తారు. గొట్టం కొనను నాలుకకు తాకించి, మళ్లీ సీసాలో పెట్టేస్తారు. ఉమ్మిలో నీరుంది, సూక్ష్మజీవులున్నాయి. కొనను నాలుకకు ఒక అంగుళం ఎత్తులో పట్టుకుని చుక్కలు వదలండి. తాకితే శుభ్రమైన పొడి కాగితంతో తుడిచి పెట్టండి. నీటితో కడిగి తడిగానే పెట్టవద్దు. సీసా ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే నూనె రబ్బరు బుడ్డిని తాకుతూ ఉంటుంది, రబ్బరు మెత్తబడి జిగురు కడుతుంది, గాలి కూడా దూరుతుంది. రబ్బరు జిగురుగా తగిలితే ఆ డ్రాపర్ మార్చేయాలి.

చెడిందని ఎలా తెలుస్తుంది? ముక్కు మొదట చెబుతుంది: మక్కిన వాసన, పాత రంగు డబ్బా మూత తీసినట్టుండే వాసన. నాలుక మీద గొంతు గీరే చేదు. కానీ ముక్కు చెప్పేది నూనె సంగతే, సీబీడీ సంగతి కాదు. ఎంసీటీ నూనె వాసన మారకుండానే ఉండవచ్చు, అందులోని సీబీడీ తగ్గిపోయి ఉండవచ్చు. శుద్ధ సీబీడీ కలిపిన తేట నూనె గులాబీ, ఊదా రంగు తిరుగుతుంటే సీబీడీ ఆక్సిజన్‌తో కలిసి క్వినోన్లు అనే రంగు పదార్థాలుగా మారుతోందని అనుమానించాలి. మొక్క సారమంతా ఉన్న నూనె మొదటినుంచీ ముదురు రంగే కాబట్టి అందులో ఈ మార్పు కంటికి దొరకదు. అందుకే వాసనను, రంగును నమ్మి కూర్చోకుండా తేదీని నమ్మండి. మీరు రాసిన తేదీని.

ఆ తేదీ ఎంత దూరం ఉండాలి? దీనికి ఒక మంచి కొలత ఉంది. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన ఎపిడియోలెక్స్ అనే మూర్ఛ మందు నువ్వుల నూనెలో కలిపిన సీబీడీయే, మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. మూత తీసిన 12 వారాల్లోపు వాడి, మిగిలింది పారేయాలని దాని సూచనల్లో ఉంది. 20 నుంచి 25 డిగ్రీల మధ్య, నిలబెట్టి, మూత బిగించి ఉంచాలని, గడ్డకట్టించకూడదని కూడా ఉంది. కట్టుదిట్టంగా పరీక్షించిన మందుకే 12 వారాలు పెట్టారు. అంగడి నూనెలకు మామూలుగా ఆరు నెలలు చెబుతారు. ఎంసీటీ నూనెకు, చీకటి గూటికి ఆరు నెలలు సరే. హెంప్ గింజల నూనె అయితే నేను మూడు నెలలే చెబుతాను.

ఇక చేయాల్సిన పని ఒక్కటి. మూత తీసిన రోజే చిన్న కాగితం అంటించి, చెరగని సిరాతో రెండు తేదీలు రాయండి: తీసిన తేదీ, ఆపాల్సిన తేదీ. కొనే ముందు ఒక భాగహారం చేయండి. సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు, రోజుకు ఎన్ని వాడతారు. ఇందాకటి మనిషికి 30 మిల్లీలీటర్ల సీసా 120 రోజులు వస్తుంది, 10 మిల్లీలీటర్ల సీసా అయితే 40 రోజుల్లో అయిపోతుంది. చిన్నవి మూడు కొని ఒక్కోటీ తెరిస్తే మిగతా రెండింటికి గాలే తగలదు. పెద్ద సీసా చవక కావచ్చు, కానీ చివరి మూడోవంతు బలం తగ్గితే ఆ లాభం ఎక్కడుంది? పెద్దదే కొన్నారా, మొదటి రోజే పూర్తిగా ఆరిన మూడు 10 మిల్లీలీటర్ల ఆంబర్ సీసాల్లోకి మెడదాకా పోసి, పేరు, గాఢత, బ్యాచ్ నంబరు, తేదీ రాసి పెట్టుకోండి. వాటికి పిల్లలు తీయలేని మూత ఉండకపోవచ్చు కాబట్టి తాళం ఉన్న చోటే పెట్టాలి. వైద్యుడు రాసిన మందైతే ఇలా మార్చవద్దు, అది దాని సీసాలోనే ఉండాలి.

గడువు దాటిన నూనెను సింకులో పోయకండి, గొట్టాల్లో పేరుకుంటుంది. రంపపు పొట్టు గానీ ఇసుక గానీ కలిపి, నూనె అందులో ఇంకాక, సంచిలో మూతికట్టి చెత్తలో వేయండి. దగ్గర్లో పాత మందులు వెనక్కి తీసుకునే చోటు ఉంటే అక్కడే ఇచ్చేయండి. నమస్కారం.