మోటర్ నిజంగా ఆగిందా?

అందరికీ నమస్కారం. నర్సంపేట దిక్కో పరకాల దిక్కో పొలం, హన్మకొండలో చదువు. మీలో చాలామంది పరిస్థితి ఇదే అనుకుంటా. అందుకే ప్రాజెక్టు అనగానే బోరు మోటర్ గుర్తొస్తుంది. ఫోన్‌లో వెబ్ పేజీ తెరిచి బటన్ నొక్కితే పొలంలో స్టార్టర్ ఆన్ కావాలి.

డెమోలో అంతా బాగానే నడుస్తుంది. ఆటోమేటెడ్ టెస్టులు కూడా అంతవరకే రాస్తారు. నన్నడిగితే అసలు టెస్ట్ సిగ్నల్ పోయాకే మొదలవుతుంది.

పేజీకీ, స్టార్టర్‌కు తగిలించిన డివైజ్‌కీ మధ్య మెసేజ్‌లు మోసే పద్ధతి ఎంక్యూటీటీ. అది పుట్టిందే సిగ్నల్ నిలవని చోట్ల కోసం. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ దాన్ని తయారుచేసింది శాటిలైట్ లింకు మీద చమురు పైప్‌లైన్లను గమనించడానికి. అందులో క్యూఓఎస్ 1 (మెసేజ్ కనీసం ఒక్కసారైనా అందాలనే సెట్టింగ్) పెడితే, అందినట్టు జవాబు రాకముందే కనెక్షన్ తెగినప్పుడు అదే మెసేజ్ మళ్లీ వస్తుంది. మీ కమాండ్ ‘ఉన్నదానికి తిరగెయ్యి’ అయితే మొదటిసారికి మోటర్ ఆన్, రెండోసారికి ఆఫ్. టెస్టులో ఒకే మెసేజ్‌ను కావాలనే రెండుసార్లు పంపి చూడండి.

రిటెయిన్ ఫ్లాగ్, అంటే ‘ఈ మెసేజ్‌ను దాచి ఉంచు’ అనే గుర్తు, ఇంకా ప్రమాదం. ‘ఆన్’ కమాండ్‌ను అలా పంపితే బ్రోకర్ (మెసేజ్‌లు అందుకుని పంచే మధ్యవర్తి సర్వర్) దాన్ని దాచి పెట్టుకుంటుంది. కరెంటు పోయి వచ్చి, డివైజ్ మళ్లీ సబ్‌స్క్రైబ్ చేసిన (కమాండ్లు తనకు పంపమని అడిగిన) ప్రతిసారీ అదే కమాండ్ అందిస్తుంది. ఎవరూ బటన్ నొక్కకుండానే మోటర్ లేస్తుంది. ఆ సమయంలో స్టార్టర్ డబ్బాలో ఎవరి చెయ్యి ఉందో పేజీకేం తెలుసు? ఆటో స్టార్టర్ చేసేదీ ఇదే. కాకపోతే అది పెట్టిన రైతుకు పెట్టినట్టు తెలుసు.

టెస్టుకు నిజం మోటర్ అక్కర్లేదు. మస్కిటో అనే బ్రోకర్ సాఫ్ట్‌వేర్, డివైజ్‌లా నటించే చిన్న పైథాన్ ప్రోగ్రాం, బ్రౌజర్‌లో పేజీని మనకు బదులు నడపడానికి ప్లేరైట్ అనే టూల్ చాలు. ఇక్కడొక తిరకాసుంది. ఆ ప్రోగ్రాంను మధ్యలో ఆపేస్తే సాకెట్ (దాని కనెక్షన్) మూసుకుపోతుంది, బ్రోకర్ వెంటనే విల్ మెసేజ్ (‘నేను తెగిపోతే ఇది చెప్పు’ అని డివైజ్ ముందే ఇచ్చి ఉంచింది) పంపేస్తుంది, టెస్ట్ పాస్. పొలంలో సిగ్నల్ పోతే అలా జరగదు. కీప్ అలైవ్ (డివైజ్ ‘ఉన్నాను’ అని చెప్పాల్సిన గడువు) 60 సెకన్లుంటే బ్రోకర్‌కు సంగతి తెలియడానికి 90 సెకన్ల దాకా పట్టొచ్చు. అంతసేపూ పేజీ ‘మోటర్ నడుస్తోంది’ అనే చూపిస్తుంది. కాబట్టి ప్రోగ్రాంను నడవనిచ్చి, ఫైర్‌వాల్‌తో ప్యాకెట్లు ఆపండి.

‘పది సెకన్లు ఆగు’ అని మాత్రం రాయకండి. పేజీలో ‘డివైజ్ అందుబాటులో లేదు’ అని కనిపించేదాకా ఆగమనండి, గరిష్ఠంగా రెండు నిమిషాలు. చివరి కబురు ఎన్ని గంటలకు అందిందో కూడా పేజీ చూపాలి, దానికీ ఒక టెస్ట్ ఉండాలి.

ల్యాప్‌టాప్‌లు తెరవండి. ముందు రిటెయిన్ టెస్ట్ రాద్దాం.